పడవ సినిమాలో ఎడంచెయ్యి

టెక్కలి
జూన్ 20

సన్యాసయ్య బావకి బంగారయ్య రాసింది.

ఫోను చేస్తే నువ్వు మాట్లాడవు. ‘ఊఁ’ అంటావు, ‘సరే’ అంటావు, ఆ తరవాత ‘పెట్టీనా మరి?’ అంటావు. ముప్పై ఏళ్ళు బస్సులో కండక్టరుగా అరిచి అరిచి బతికినవాణ్ణి, నాకది ఏ మూలకి? కాగితం మీదైతే తప్పించుకోలేవని ఇలా రాస్తున్నాను.

నా సంగతి నీకు తెలిసిందే. కిడ్నీలు రెండూ సెలవు పెట్టేశాయి. కవిటి వదిలి కూతురు సింధూర ఇంటికి వచ్చి ఉంటున్నది అందుకే. వారానికి మూడుసార్లు తన బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్తుంది. నాలుగు గంటలు మిషను పక్కన పడుకోబెడతారు. రక్తమంతా బయటికి వెళ్ళి, కడుక్కుని, మళ్ళీ ఒంట్లోకి వస్తుంది. టిక్కెట్టు లేని ప్రయాణం. మంచినీళ్ళు కొలిచి తాగాలి. కొబ్బరినీళ్ళయితే అసలు వాటి వైపే చూడకూడదట. కొబ్బరితోటల కవిటివాడితో ఆ మాట చెబుతున్నందుకు డాక్టరుకి నవ్వు రాలేదు గానీ నాకు వచ్చింది.

పక్క మంచం పోలయ్యది. సోంపేట దగ్గరివాడు, కొబ్బరిపీచు తాళ్ళు అమ్ముకునేవాడు. మొన్న మిషను ఎక్కాక, ‘బంగారయ్యా, నీకు బాగా నచ్చిన సినిమాలు అయిదు సెప్పు సూద్దాం’ అన్నాడు. అంతే, అంటుకుంది. ఇప్పుడు వార్డులో ప్రతివాడికీ ఒక లిస్టు ఉంది. నర్సమ్మకి కూడా. ఒకడి లిస్టు ఇంకొకడికి గిట్టదు. రక్తం బయట తిరుగుతుండగా తగువులాడుకోవడంలో ఎంత సుఖం ఉందో నీకేం తెలుసు!

నావి చెబుతాను. మన ఊళ్ళో పెట్టుకున్న పేర్లతోనే రాస్తున్నాను. అసలు పేర్లు మనకెప్పుడు తెలుసు గనక. సంబరాలకి పలాస నుంచి సినిమా మిషను తెచ్చే ఆయన, పేర్లు పడే రీలు దండగని వేసేవాడే కాదు కదా. మొదటిది గుర్రం సినిమా. రెండోది రైలు సినిమా. దీన్ని నేను సగమే చూశాను. పలాసలో నా డ్యూటీ దిగేసరికి ఇంటర్వెల్ అయిపోయేది. మూడు రోజులు వరుసగా వెళ్ళి మూడుసార్లూ రెండో సగమే చూశాను. తరవాతవి ఇద్దరత్తల సినిమా, దయ్యం రాని దయ్యం సినిమా. అయిదోది పడవ సినిమా.

నీ లిస్టు పంపు. మా బావ తక్కువ మాట్లాడినా కొలిచినట్టు మాట్లాడతాడని పోలయ్యతో గొప్పలు పోయాను. నా పరువు తియ్యకు.

బంగారయ్య


కవిటి
జూలై 2

బావకి,

నీ ఉత్తరం చేరింది. ఇక్కడ నేనూ తోటా బాగానే ఉన్నాం. వాన ఇంకా సరిగా పట్టలేదు. పనస బాగా కాసింది. నీకు పనస కూడా కూడదని సింధూర చెప్పింది. అందుకని ఎన్ని కాసిందీ రాయను.

లిస్టు అడిగావు.

పడవ సినిమా. రెండెడ్ల సినిమా. గాజుల సినిమా.

అయిదు లేవు. నచ్చినవి ఇవే.

సగం చూసిన సినిమా లెక్కలోకి రాదు. రైలు సినిమా తీసెయ్యి.

పడవ సినిమాని నువ్వు చివర పెట్టావు. అది మొదట ఉండాలి. అందులో కుర్రాడు అన్నీ ఎడంచేత్తో చేస్తాడు. అన్నం ఎడంచేత్తో తింటాడు. ఆ పిల్లకి ఎడంచేత్తో బొట్టు పెడతాడు. అలాంటి సినిమా ఇంకోటి నేను చూడలేదు.

సన్యాసయ్య


టెక్కలి
జూలై 11

బావా,

నీ ఉత్తరం వార్డులో పైకి చదివాను. ‘ఎన్ని కాసిందీ రాయను’ దగ్గర పోలయ్య నవ్వి నవ్వి దగ్గాడు. నర్సమ్మ వచ్చి ఇద్దర్నీ కోప్పడింది. ‘మీ బావ మూడు సినిమాలకే సాలించీసినాడేటి? మాటలే గాదు, సినిమాలూ పొదుపేనా?’ అన్నాడు పోలయ్య. నీకు వార్డులో మంచి పేరొచ్చింది.

ఇప్పుడు తగువులోకి వద్దాం.

రైలు సినిమా తీసెయ్యను. మొదటి సగం ఏమై ఉంటుందో నేను అనుకున్నంత బాగా తీసినవాడు కూడా తీసి ఉండడు. గాజుల సినిమా మాత్రం ఏం చూసి పెట్టావు? మొదలు నుంచి చివరిదాకా ఏడుపేగా. మన వీధి ఇసక తడిసిపోయింది ఆ రోజు.

ఇక పడవ సినిమా. ఎడంచెయ్యేమిటి బావా, మతి గాని పోయిందా? ఆడపిల్లకి బొట్టు పెడుతుంటే ఎడంచెయ్యి ఎత్తనిస్తారా ఎవరైనా? హాళ్ళ మీద రాళ్ళు పడవూ? మిషను పక్కన ఇసకలో నువ్వూ నేనూ ఆనుకుని కూచుని చూశాం. కుడిచెయ్యి. నా టిక్కెట్ల సంచి మీద ఒట్టు.

ఆ ఎడంచెయ్యి నీ బుర్రలోకి ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలుసు. నువ్వు పుర్రచేతివాడివి. బళ్ళో మాస్టారు ఆ వేళ్ళ మీదే బెత్తంతో కొట్టేవాడు. పంక్తిలో నిన్ను చివరాఖర్న కూచోబెట్టేవారు. పెళ్ళిలో కంగారుపడి మా దాలమ్మకి ఎడంచేత్తోనే బొట్టు పెట్టేశావు. పందిరి పందిరంతా నోరు నొక్కుకుంది. మా నాన్న లేచి నిలబడిపోయాడు. పెళ్ళికూతురు తల దించుకుని ఉండాలన్నదే మరిచిపోయి నా చెల్లెలు మొహమెత్తి, ‘పడవ సినిమాలో పెట్టనేదేటి? ఆయన పెడితేనే తప్పొచ్చిందేటి?’ అంది. నువ్వు అప్పుడూ పలకలేదు. మొగుడూ పెళ్ళాం కలిసి సినిమానే మార్చేశారు!

దాలమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ మాట మాత్రం నా చెవిలోనే ఉంది.

పోలయ్య కూడా నా వైపే. ఆయన ఆ సినిమా చూడలేదు, అయినా నా వైపే.

బంగారయ్య


కవిటి
జూలై 19

బావకి,

ఎడంచెయ్యే.

గాజుల సినిమాలో తల్లి ఏడవదు. మనం ఏడిచాం. గాజులు తీసి కూతురికి ఇచ్చేటప్పుడు ఆమె నవ్వుతుంది. ఆ నవ్వు కోసం పెట్టాను.

ఇద్దరత్తల సినిమా నీ లిస్టులో ఉంది. అందులో వంట చేసే సీను ఒక్కటే బాగుంటుంది. అది చూసి ఇంటికెళ్ళి అన్నం అడిగాం. గుర్తుందా?

పోలయ్యగారి లిస్టు రాయలేదు. రాయి.

మాత్రలు మానకు.

సన్యాసయ్య


టెక్కలి
ఆగస్టు 24

మావయ్యగారికి సింధూర నమస్కరించి రాయునది.

ఫోనులో చెబుదామనుకున్నాను. నాన్న గదిలోంచి వింటారు, అందుకని రాస్తున్నాను.

పోలయ్యగారు పోయారు. ఇంట్లో ఉండగానే గుండె ఆగిందట. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. సోమవారం వెళ్ళేసరికి ఆయన మంచం మీద వేరే ఎవరో ఉన్నారు. నాన్న ఆ నాలుగు గంటలూ ఒక్క మాట మాట్లాడలేదు. మీకు తెలుసు కదా, నాన్న మాట్లాడకపోవడం అంటే ఏమిటో.

బుధవారం బండి తీస్తే రానన్నారు. శుక్రవారమూ అంతే. ‘సాలమ్మా. ఎన్నిసార్లు కడిగినా మురికి బట్ట మురికి బట్టే. నీ ఉద్యోగం సూసుకో, పిల్లని సూసుకో’ అని గోడ వైపు తిరిగి పడుకున్నారు. కాళ్ళు పొంగాయి. ఇలాగే మానేస్తే ఎక్కువ రోజులు పట్టదని డాక్టరుగారు నాతో విడిగా చెప్పారు. రావివలస వెళ్ళి మల్లన్నకి మొక్కుకుని వచ్చాను. ఇంట్లో ఎవరు చెప్పినా వినడం లేదు. తిట్టడం కూడా మానేశారు మావయ్యా, అదే నాకు భయంగా ఉంది.

మీ పాత కార్డులు మాత్రం తలగడ కింద పెట్టుకున్నారు. మీకు మాట్లాడటం కష్టమని తెలుసు. అయినా మీరే ఏదో ఒకటి చెప్పాలి.

సింధూర


కవిటి
ఆగస్టు 27

బావకి,

ఈ ఉత్తరం తపాలాలో వెయ్యలేదు. టెక్కలి వస్తున్న మన వీధి సురేష్ చేతికి ఇస్తున్నాను. ఆలస్యం కాకూడదని.

పోలయ్యగారి సంగతి సింధూర రాసింది. ఆయన్ని నేను చూడలేదు. అయినా మనసు బాగోలేదు.

వెళ్ళమని నీకు చెప్పడం నాకు చేతకాదు. రెండు కాగితాలు చింపేశాను. పందెం వేస్తాను.

పడవ సినిమా ఎక్కడుందో సింధూరని వెతకమను. ఈ రోజుల్లో అన్నీ ఫోనులో దొరుకుతాయట. దొరికేదాకా నువ్వు ఆసుపత్రికి వెళ్ళాలి. దొరికాక చూడు. ఆ కుర్రాడిది కుడిచెయ్యి అయితే నువ్వు గెలిచినట్టు. మానెయ్యి. నేను ఇంకో మాట రాయను. సింధూర చేత కూడా అనిపించను. ఎడంచెయ్యి అయితే నేను గెలిచినట్టు. అప్పుడు నువ్వు వెళ్తూనే ఉండాలి. మధ్యలో ఆపకూడదు.

నీది కుడిచెయ్యి. నాది ఎడంచెయ్యి.

ఒప్పుకోకపోతే, ఓడిపోతానని భయపడినట్టే.

సన్యాసయ్య


టెక్కలి
ఆగస్టు 30

ఒరే బావా,

నీకు సిగ్గుందా? మనిషి ప్రాణం మీద పందెమా? కోడిపుంజుననుకున్నావా నేను? ఆ సురేష్ గుమ్మంలో నిలబడి ‘సదివేదాకా కదలొద్దన్నాడు మీ బావ’ అని మంచినీళ్ళు కూడా అడక్కుండా నిలబడ్డాడు. చదివాను. చింపేద్దామనుకున్నాను. నీ రాత చూసి ఆగాను. అక్షరాలన్నీ ఎడమకి వాలిపోయి, గాలివానకి ఒరిగిన కొబ్బరిచెట్లలా ఉంటాయి నీ అక్షరాలు.

నాకు భయమని అందరూ అనుకుంటున్నారు. భయం కాదు బావా, అలుపు. పొద్దున్నే సింధూర వంట చేసి, పిల్లకి జడ వేసి, నన్ను బండెక్కించి, అక్కడ దింపి, ఉద్యోగానికి పరిగెత్తి, మళ్ళీ నాకోసం వస్తుంది. బండి మీద దాని వీపు చూస్తూ కూచుంటాను. పోలయ్య ఉన్నప్పుడు ఇవేవీ గుర్తొచ్చేవి కావు. తగువులోనే పొద్దు గడిచిపోయేది. అతని లిస్టు అడిగావు కదా. నాలుగే చెప్పాడు. అయిదోదానికి రెండు సినిమాలు పోటీలో ఉన్నాయి, ఆలోచించుకుని సోమవారం చెబుతానన్నాడు. ఆ సోమవారం ఆ మంచం మీద ఎవరో కొత్తాయన గురకపెడుతున్నాడు. ఆయనకి సినిమాలు పడవట.

సరే. నీ పందెం ఒప్పుకుంటున్నాను. ఎందుకంటే నేను గెలుస్తాను. గెలిచాక ఎవరి మాటా విననక్కర్లేదు. మీ ఇద్దరూ నోరెత్తకూడదు. మాట తప్పావంటే పైకెళ్ళి దాలమ్మతో చెబుతాను.

రేపు వెళ్తున్నాను. సినిమా కోసం. నీ కోసం కాదు.

బంగారయ్య


కవిటి
సెప్టెంబరు 6

బావకి,

సరే.

నిన్న సురేష్ చెప్పాడు, కాళ్ళ వాపు తీసిందని.

దయ్యం రాని దయ్యం సినిమా గురించి ఆలోచించాను. అది బాగుంటుంది. దాన్ని నా నాలుగోది చేసుకుంటున్నాను. నీకు అభ్యంతరం లేకపోతే.

సన్యాసయ్య


టెక్కలి
అక్టోబరు 21

బావా,

దొరికింది!

సింధూర పట్టు వదల్లేదు. పాత సినిమాలు పోగేసేవాళ్ళు కొందరు ఫోనులో ఉంటారట. పడవ, ఇసక, బొట్టు, చివర్లో ఒడ్డున తగలబడే వల అని నేను చెప్పిందల్లా వాళ్ళకి రాసింది. రాజమండ్రిలో ఒకాయన పంపించాడు. దానికి ఒక పేరు కూడా ఉంది. నీకు నచ్చదు, చెప్పను. మనకి అది పడవ సినిమాయే.

ఆదివారం మధ్యాహ్నం చూశాను. సింధూరా నేనూ, అంతే.

బావా, నువ్వే గెలిచావు. ఎడంచెయ్యే.

అన్నం ఎడంచేత్తో. బొట్టు ఎడంచేత్తో. తెడ్డు వేసేటప్పుడు కూడా ఎడంచెయ్యే ముందు. అసలు ఆ సినిమాలో కుడిచెయ్యి ఉన్న మనిషే లేడు. ఇన్నేళ్ళూ నేను తప్పు. మా చెల్లెలు పందిట్లో అన్న మాట అక్షరాలా నిజం. మా నాన్న బతికుంటే కాళ్ళు పట్టుకుని చూపిద్దును.

పందెం పందెమే. బుధవారం వెళ్ళాను, శుక్రవారం వెళ్తాను, ఇక మానేది లేదు. కొత్తాయనకి కూడా మెల్లగా సినిమాలు అంటిస్తున్నాను. ‘నాను సూసినవి రెండే’ అన్నాడు. ‘పరవానేదు, మా బావా మూడుతోనే మొదలెట్టినాడు’ అన్నాను.

నువ్వు రావాలి. ఇద్దరం కలిసి చూడాలి. ఫోను చిన్నది, నీ కళ్ళకి ఆనదు. మా గదిలో బీరువాకి నిలువుటద్దం ఉంది. దానికెదురుగా ఫోను పట్టుకుని అద్దంలో చూస్తే పెద్దగా కనపడుతుంది. నేనే కనిపెట్టాను.

కొబ్బరికాయలు తేకు. ఉత్తచేతులతో రా.

బంగారయ్య


కవిటి
నవంబరు 5

చిరంజీవి సింధూరకి మావయ్య దీవించి రాసేది.

ఈ ఉత్తరం నాన్నకి చూపించకు.

సోంపేటలో బస్సు మారి చీకటి పడకముందే ఇల్లు చేరాను. నువ్వు కట్టిచ్చిన పులిహోర దారిలో తిన్నాను.

సినిమా బాగా చూపించావు. అంతసేపు అద్దానికి ఎదురుగా ఫోను పట్టుకుని నిలబడ్డావు. చెయ్యి నొప్పెట్టినా మార్చుకున్నావే గాని దించలేదు. అద్దంలో పెద్దగా కనపడుతుందని నాన్న అన్నాడు. ఇంకా చిన్నగా కనపడింది. ఆయన సినిమా చూడలేదు. నా మొహమే చూస్తూ కూచున్నాడు. బొట్టు పెట్టే చోట, ‘సూసినావా బావా! ఎడంసెయ్యి!’ అని మంచం మీద చరిచాడు. నేను ‘సూసినాను’ అన్నాను.

అమ్మా, అదే అద్దంలో మీ గోడ మీది క్యాలెండరు అంకెలు తిరగబడి ఉన్నాయి. అవి చూసి తెలుసుకోలేదు. నాకు ఎప్పుడో తెలుసు.

మా ఊళ్ళో సంబరాలప్పుడు వీధికి అడ్డంగా తెల్లగుడ్డ కట్టేవారు. ఇవతల మిషను, మగవాళ్ళు. అవతల ఆడవాళ్ళు. బొమ్మ రెండు వైపులా కనిపించేది. నేను వేరుశనక్కాయలు ఎడంచేత్తో ఒలుచుకుంటే మగపిల్లలు ఏడిపించేవారు. అందుకని మా అమ్మ నన్ను అవతలికి తీసుకుపోయేది. నేను పక్కనే ఉన్నట్టు మీ నాన్నకి జ్ఞాపకం. నేను లేను. పోనీలే అని దిద్దలేదు. నా పక్కన మీ అత్త ఉండేది, చిన్నపిల్ల. పడవ కుర్రాడు అన్నం కలుపుతుంటే మోచేత్తో పొడిచి, ‘ఇదిగో, ఈడూ నీలాటోడే’ అంది. వెనక నుంచి చూస్తే కుడి ఎడమవుతుందని మా ఇద్దరికీ తెలియదు. ఆ మర్నాటి నుంచి బళ్ళో దెబ్బలు అంత నొప్పెట్టలేదు.

పెళ్ళయిన కొత్తలో అదే సినిమా సోంపేట హాల్లో వేశారు. ఇద్దరం వెళ్ళాం. ఈసారి అందరితో పాటు ముందు నుంచి చూశాం. కుడిచెయ్యి. బస్సులో నేను మాట్లాడలేదు. ఎప్పుడూ మాట్లాడను, ఆ రోజు ఇంకా మాట్లాడలేదు. ఇల్లు చేరాక మీ అత్త కాళ్ళు కడుక్కుంటూ, ‘ఆళ్ళు సూసింది ఆళ్ళది. మనం సూసింది మనది’ అంది. ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు. పండగ పండక్కీ బొట్టు మాత్రం నా ఎడంచేత్తోనే పెట్టించుకునేది.

తెలిసి తెలిసి ఓడిపోయే పందెం ఎందుకు వేశావు మావయ్యా అంటావేమో. మీ నాన్న తన కోసం ఆసుపత్రికి వెళ్ళే మనిషి కాదు. నేను ఓడిపోతే చూసి ఊరుకునే మనిషీ కాదు. ఆ రెండోదాన్ని నమ్ముకున్నాను. నమ్మకం తప్పుతుందేమోనని భయం వేసింది. ఆయన ఉత్తరం వచ్చేదాకా తోటలోకి వెళ్ళి ఏ పనీ చెయ్యలేకపోయాను.

నాకు తెలుసని ఆయనకి తెలియకూడదు. తెలిస్తే పందెం చెల్లదంటాడు.

రేపు ఆయనకి కార్డు రాస్తాను. రెండెడ్ల సినిమాలో ఎడ్లు మూడని రాస్తాను. రెండే. నాకు తెలుసు. ఆయన గట్టిగా అరుస్తాడు, అరవనియ్యి. ఆ సినిమా కూడా వెతకమంటాడు. వెతుకు.

తొందరగా మాత్రం దొరకనియ్యకు.

మావయ్య
సన్యాసయ్య